కెంపు పరీక్ష: రంగు సాక్ష్యం చాలదు

విదేశాలలో స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాలలో అమ్మమ్మల కాలంనాటి కెంపుల అడ్డిగ వంటి నగలు భద్రంగా ఉంటాయి. ఆ నగను బిడ్డలకు పంచవలసి వచ్చినప్పుడో, చెరిపించి కొత్తది చేయించదలచినప్పుడో, అందులోని రాళ్ళు నిజమైన కెంపులేనా అన్న ప్రశ్న తలెత్తుతుంది. దానికి రంగు సమాధానం చెప్పలేదు.

ఎఱ్ఱని రాళ్ళన్నిటినీ కెంపులుగా భావించడం పూర్వం నుండి ఉన్నదే. బ్రిటిష్ రాజకిరీటంలో ‘బ్లాక్ ప్రిన్స్ రూబీ’గా ప్రసిద్ధి చెందిన రాయి నిజానికి స్పైనెల్ అనే వేరొక ఖనిజం. మొగలు చక్రవర్తుల పేర్లు చెక్కిన ‘తైమూర్ రూబీ’ కూడా అటువంటిదే. ఈ రెండు ఖనిజాలు వేరని 1783లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోమే ద లీల్ గుర్తించాడు.

కెంపు, నీలం రెండూ కురువిందమనే ఒకే ఖనిజపు రూపాలు. కురువిందం అల్యూమినియం ఆక్సైడు. అందులో స్వల్పంగా చేరిన క్రోమియం వలన కెంపునకు ఎఱ్ఱదనం కలుగుతుంది. స్పైనెల్‌లో అల్యూమినియంతోపాటు మెగ్నీషియం కూడా ఉంటుంది. దానికి కూడా క్రోమియమే ఎఱ్ఱదనాన్ని ఇస్తుంది. కంటికి భ్రాంతి కలగడానికి కారణం ఇదే.

తూకపు పరీక్ష

నగలో పొదగని విడిరాతిని ముందుగా గాలిలోను, పిదప సన్నని దారంతో నీటిలో వ్రేలాడదీసి తూచాలి. గాలిలోని బరువును నీటిలో తగ్గిన బరువుతో భాగిస్తే సాపేక్ష సాంద్రత వస్తుంది. 2 గ్రాముల రాయి నీటిలో 1.5 గ్రాములు తూగితే తగ్గినది 0.5 గ్రాము, సాంద్రత 4. ఇది కెంపు లక్షణం. స్పైనెల్ సాంద్రత సుమారు 3.6. అయితే కొన్ని గార్నెట్ రాళ్ళ సాంద్రత కూడా 4కు చేరువగా ఉంటుంది. కనుక ఒక్క పరీక్షతో తీర్పు తగదు.

కాంతి పరీక్ష

కెంపులో ప్రవేశించిన కాంతికిరణం రెండుగా చీలుతుంది. స్పైనెల్, గార్నెట్, గాజులలో అట్లు చీలదు. రిఫ్రాక్టోమీటరు అనే పరికరంలో కెంపు వక్రీభవన గుణకం 1.76, 1.77 ప్రాంతంలో రెండు విలువలుగా కనబడుతుంది. స్పైనెల్‌కు 1.72 ప్రాంతంలో ఒకే విలువ ఉంటుంది.

భూతద్దపు పరీక్ష

ఈ పరీక్షలన్నిటిలో నెగ్గిన రాయి సైతం భూమిలో పుట్టినది కాకపోవచ్చు. అల్యూమినియం ఆక్సైడు పొడిని మంటలో కరగించి కెంపును తయారుచేసే పద్ధతిని 1902లో ఫ్రెంచి రసాయనజ్ఞుడు వెర్నూయి ప్రకటించాడు. దాని సాంద్రత, వక్రీభవన గుణకం సహజమైన కెంపువే. కనుక నగ పాతదైనంత మాత్రాన రాయి గనిలోనిదే అనుకోరాదు. ఇక్కడ తోడ్పడేవి పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, సూక్ష్మదర్శిని. వంపు తిరిగిన గీతలు, గుండ్రని గాలిబుడగలు కొలిమిలో పుట్టిన రాతికి గుర్తులు. సహజమైన కెంపులో తిన్నని పెరుగుదల రేఖలు, సూదులవంటి సన్నని ఖనిజపు పోగులు కనబడవచ్చు.

రాతిని గీచి చూడడం, కాల్చి చూడడం హానికరం. వెనుకభాగం మూసి, రాతి క్రింద మెఱుపురేకు ఉంచి పొదిగిన నగలలో రంగు మఱింత మోసగిస్తుంది. అటువంటి నగను చెరిపించకముందే రత్నపరీక్షకునికి చూపించడం మేలు. ఆయన వ్రాసి ఇచ్చిన ఫలితాన్ని నగతోపాటు అదే పెట్టెలో ఉంచితే, తరువాతి తరానికి ఈ సందేహం మిగలదు.