మలేసియా వెళ్తున్నారా? పిల్లల నాలుకను ఇంటి దగ్గరే సిద్ధం చేయండి

దసరా సెలవులకో, వేసవి సెలవులకో మలేసియా వెళ్లొద్దామనే మాట తిరుపతి, చిత్తూరు ఇళ్లలో ఈమధ్య తరచుగా వినబడుతోంది. 2023 డిసెంబర్ 1 నుంచి మన దేశం వాళ్లకు 30 రోజుల దాకా అక్కడ ఉండడానికి వీసా అక్కర్లేదు. ఆ సడలింపును 2026 చివరి దాకా పొడిగించారు కాబట్టి టికెట్లు తీసేముందు ఒకసారి సరిచూసుకోండి. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. మనకు చెన్నై మూడు నాలుగు గంటల దూరం. అక్కడ విమానమెక్కితే నాలుగు గంటల్లో కౌలాలంపూర్‌లో దిగుతారు.

టికెట్లు కుదిరాక ఇంట్లో తిండి చర్చ మొదలవుతుంది. పిల్లలు అక్కడ ఏం తింటారు, కడుపు చెడితే ఎట్లా, తెలియక తినకూడనిది తినేస్తే ఎట్లా? అవ్వ పులిహోర గుజ్జు కలుపుతుంది, అమ్మ చపాతీలు కట్టుకుంటుంది, నాన్న అక్కడున్న ఆంధ్రా హోటళ్ల పేర్లు ఫోన్లో రాసుకుంటాడు. ఇందులో ఏదీ తప్పు కాదు. పిల్లలతో పోయేటప్పుడు సంచిలో మన తిండి కొంత ఉండాల్సిందే. బొరుగులు, నిప్పట్లు, ఇంత చింతకాయ తొక్కు ఉంటే రాత్రిపూట ఆకలేసినా భయముండదు. కానీ ఉన్నన్ని రోజులూ సంచిలోదే తిని, మూడు పూటలా మన హోటలే వెతుక్కుంటే పిల్లలు ఆ దేశంలో పెద్ద భవనాలు మాత్రమే చూసి వస్తారు. మొదటి రోజు వదిలేసి, రోజుకు ఒక్క పూట, ఏదైనా ఒక్క పూట, ఆ ఊరివాళ్లు తినేది వాళ్ల మధ్య కూర్చుని తినమని నా మనవి.

అందుకు సన్నాహం మాత్రం ఇక్కడే మొదలవ్వాలి. ఆదివారం సాయంత్రం తిరుపతిలో ఏ హోటల్లోనైనా చూడండి. మెనూ చేతికి రాగానే పిల్లలు గోబీ మంచూరియా, ఫ్రైడ్ రైస్, నూడుల్స్ దగ్గర ఆగిపోతారు. మనమూ గొడవెందుకని సరే అంటాం. సంగటి ముద్దను చేత్తో తుంచి పులుసులో అద్దుకుని తినడం రాని పిల్లలు చిత్తూరు టౌనులోనే చాలామంది ఉన్నారు. నాకు ఇది నిజంగా బాధ కలిగించే సంగతి. తమ ఊరి రుచే ఎరగని బిడ్డకు పరాయి ఊరి రుచి మీద మనసు పోవడం కష్టం. ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు నుంచి వారానికోసారి పిల్లల్ని మన వంట దొరికే మెస్సుకు తీసుకెళ్లండి. రాగి సంగటి, నాటుకోడి పులుసు తినిపించండి. మాంసం తినని ఇళ్లవాళ్లకు చెనిక్కాయల ఊరుబిండి, పుల్లగూర ఉన్నాయి. చలికాలమైతే అనపకాయలు ఒలిచి, నానబెట్టి, పితికి వండే పితికిపప్పు ఉంది. ఆ గింజలు పితికే పని పిల్లల చేతికే ఇవ్వండి. తాము చెయ్యిపెట్టిన కూరను వాళ్లు రుచి చూడకుండా వదలరు.

కొత్త రుచి ఒక్కసారికే నచ్చదు. చాలామంది పిల్లలకు ఎనిమిది, పది సార్లు నోటికి తగిలితేగానీ అలవాటు కాదనేది పిల్లల ఆహారం గురించి చదివినవాళ్లు చెప్పేమాటే. ఒకసారి ఉమ్మేశాడని ఆ వంటను జాబితాలోంచి కొట్టేయకండి. అలాగని నోట్లో కుక్కకండి. ఒక్క ముద్ద రుచి చూస్తే చాలు, వద్దనిపిస్తే పక్కన పెట్టేయొచ్చు అని ముందే మాట ఇవ్వండి. ఆ మాట మీద మీరు నిలబడండి. ఇది తింటే ఐస్‌క్రీం కొనిస్తాననే లంచం మాత్రం వద్దు. అలా అన్న క్షణంలోనే పళ్లెంలో ఉన్నది శిక్ష అనీ, ఐస్‌క్రీమే అసలు తిండి అనీ పిల్లలకు అర్థమైపోతుంది.

తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రానికి వెళ్లినప్పుడు పిల్లల్ని గమనించారా? ఇంట్లో సాంబారు వద్దనే పిల్లవాడు అక్కడ పంక్తిలో కూర్చుని వడ్డించింది వడ్డించినట్టు తింటాడు. అక్కడ మెనూ లేదు, వేరే ఏదైనా చేసిపెడతాననే అమ్మ లేదు. ఇటుపక్క, అటుపక్క అందరూ అదే తింటున్నారు. టీటీడీ నిత్యాన్నదానం 1985లో మొదలైంది. అప్పటినుంచి ఎన్ని ఊళ్ల పిల్లలు ఆ వరుసల్లో కూర్చుని, కొత్త వంట అని అనుకోకుండా తిన్నారో! పిల్లలు చుట్టూ ఉన్నవాళ్లను చూసి తింటారు, అన్నిటికంటే ముందు మీ ముఖం చూసి తింటారు. పళ్లెం రాగానే మీరు ముక్కు చిట్లిస్తే ఇక వాళ్లు దాన్ని తాకరు.

ఇక అక్కడి తిండి సంగతి. భయపడినంత పరాయిది కాదది. మలేసియా ఉదయపు ఫలహారాల సంస్కృతిని యునెస్కో 2024 డిసెంబర్‌లో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అందులో ముఖ్యంగా చెప్పేవి మూడు: నాసి లెమాక్, రోటీ చనాయ్, తే తారిక్. రోటీ చనాయ్ మన పరోటాకు దగ్గరి చుట్టం. మామక్ అనే ఫలహారాల కొట్టు ముందు పిల్లల్ని కాసేపు నిలబెట్టండి. నూనెలో నానిన మైదా ఉండను మాస్టరు బల్ల మీద చరిచి, గాల్లో తిప్పి, వెనక ఉన్నది కనబడేంత పల్చగా సాగదీస్తాడు. మడిచి పెనం మీద వేస్తాడు. కాలాక రెండు అరచేతుల మధ్య పెట్టి చరిస్తే పొరలన్నీ విడిపోతాయి. పక్కన పప్పు కూర పోసిస్తారు. మాంసం తినని పిల్లలు కూడా, పప్పులో ఏం కలిసిందో ఒకసారి అడిగి, హాయిగా మొదలుపెట్టదగిన వంట ఇది. తే తారిక్ అంటే తియ్యటి చిక్కటి పాలు కలిపిన టీని రెండు గ్లాసుల మధ్య పైనుంచి కిందికి పోస్తూ నురగ తేల్చేది. పిల్లలకు ఎక్కువ తీపి వద్దనుకుంటే ‘కురాంగ్ మానిస్’ అనండి, తీపి తగ్గించి ఇస్తారు.

నాసి లెమాక్ కొబ్బరిపాలలో, పాండన్ ఆకు వేసి వండిన అన్నం. దాంతోపాటు వేయించిన చెనిక్కాయలు, దోసకాయ ముక్కలు, ఉడికిన గుడ్డు, సంబల్ అనే ఎర్రటి కారం, వేయించిన చిన్న ఎండు చేపలు ఉంటాయి. మా బంధువుల అమ్మాయి, రెండో తరగతి చదువుతోంది, అక్కడ అరిటాకు పొట్లం విప్పగానే చెనిక్కాయలన్నీ ముందు ఏరుకుని తినేసింది. తర్వాత దోసకాయ. ఆ తర్వాత అన్నాన్ని వేలితో కొంచెం తీసి నాకి చూసింది, మరి కాస్త తీసుకుంది. సంబల్ జోలికి పోలేదు, వాళ్లమ్మ కూడా ఏమీ అనలేదు. పిల్లలు కొత్త పళ్లెంలోకి దిగే తీరు అదే, తెలిసినదాని మీదుగా తెలియనిదాని దగ్గరికి పోతారు. చెనిక్కాయ మన సీమ పంట. సాతే అనే కాల్చిన చికెన్ పుల్లలకు అక్కడ ఇచ్చే చెనిక్కాయల పులుసు ముందు పెట్టి, ఇది మన ఊరుబిండి లాగుందా, తేడాగా ఉందా అని అడగండి. చెండోల్ అనే చల్లని కొబ్బరిపాల తీపిలో పోసే బెల్లం పాకం రుచి చూపించి మన చిత్తూరు బెల్లం గుర్తుచేయండి. పిల్లలు వాదించుకోవడం మొదలుపెడతారు, వాదించుకుంటూనే తింటారు.

జాగ్రత్తలు కొన్ని గట్టిగానే చెప్పాలి. చెనిక్కాయలు పడని పిల్లలుంటే సాతే, నాసి లెమాక్, రోజాక్ అనే పండ్ల కలగూర దగ్గర అడగకుండా ఏదీ పెట్టకండి. శాకాహారులకు అసలు చిక్కు కంటికి కనబడనిదే. బెలచాన్ అనే ఎండురొయ్యల ముద్ద సంబల్‌లోనూ, ఆకుకూరల వేపుళ్లలోనూ కలుస్తుంది. పైకి కూరగాయలే ఉన్నాయని తెప్పించుకుంటే వాసనతో సంగతి తెలుస్తుంది. హలాల్ బోర్డు ఉంటే పందిమాంసం లేదని అర్థం, గొడ్డుమాంసం లేదని కాదు. మెనూలో ‘డాగింగ్’ అని ఉంటే చాలాసార్లు గొడ్డుమాంసమే, ‘లెంబు’ అంటే ఆవు. ‘ఆయం’ కోడి, ‘ఇకాన్’ చేప, ‘ఉడాంగ్’ రొయ్య. ఈ ఐదు మాటలు పిల్లల చేతనే కాగితం మీద రాయించండి, మెనూ చూసే పని వాళ్లకే అప్పగించండి. పెరటాసి అనే తమిళ నెలలో మాంసం మాని శనివారాలు పాటించే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి. దసరా సెలవులు ఆ నెలలోనే పడుతుంటాయి. అలాంటప్పుడు అరిటాకు భోజనం పెట్టే దక్షిణాది హోటళ్లు, చైనావాళ్ల శాకాహార హోటళ్లు ఉన్నాయి. చైనా హోటళ్లలో సోయాతో, గోధుమతో మాంసం ఆకారంలో చేసిన ముక్కలు వస్తాయని పిల్లలకు ముందే చెప్పి ఉంచండి.

చిత్తూరువాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. మనలో చాలామందికి తమిళం వచ్చు. మామక్ కొట్లవాళ్లు ఎక్కువమంది తమిళ ముస్లింలు, అరిటాకు హోటళ్లవాళ్లు తమిళులు. ఇందులో ఏముంది, పిల్లలకు కారం తగ్గించగలరా అని తమిళంలో అడిగితే ఓపిగ్గా చెబుతారు. తెలుగువాళ్లూ అక్కడ కొత్తవాళ్లు కాదు. తోటల్లో పనికి వెళ్లినవారి వారసులు తరాలుగా అక్కడే ఉన్నారు. రెండో ప్రపంచ తెలుగు మహాసభలు 1981లో జరిగింది కౌలాలంపూర్‌లోనే. చేత్తో తింటే ఎవరేమనుకుంటారోనని కూడా సంకోచించకండి. మలయ్ కుటుంబాలూ కుడిచేత్తోనే తింటాయి.

పసిపిల్లలకు అప్పటికప్పుడు వేడిగా వండింది పెట్టండి, కోసి ఉంచిన పండ్లు వద్దు. గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, కాబట్టి మొదటి రోజు వాళ్లకు ఆకలి వేళ తప్పుతుంది. ఆ రోజు కొత్త వంటలేవీ పెట్టకండి, సంచిలో ఉన్న అవ్వ పులిహోర గుజ్జు ఆ పూటకే. ఎక్కువ తెప్పించి పారేయడం కన్నా ఒక్కో పళ్లెం తెప్పించి నలుగురూ పంచుకోండి, ఫోన్లు సంచిలో పెట్టండి. ఒక పళ్లెం ఎవరికీ నచ్చకపోతే డబ్బులిచ్చి లేచి వచ్చేయండి. అంత దూరం తీసుకొచ్చి ఇంత ఖర్చుపెడితే తినవా అని అక్కడ వడ్డించేవాళ్ల ముందు మాత్రం పిల్లల్ని తిట్టకండి, దయచేసి.