పెట్రోలు బండి ఇంజను మిస్సగుట: దోషమును కనుగొను క్రమము

మన సంఘ సభ్యులలో పలువురు కూరగాయలను, పాలను చిన్న పెట్రోలు బండ్లలో బస్తీలకు చేరవేయుచున్నారు. మదనపల్లె టమాటా మార్కెట్టునకు పోవు రైతునకు వేళ యెంత ముఖ్యమో చెప్పనక్కరలేదు. పాట ముగిసిన పిదప చేరిన సరుకు మరునాటికి మెత్తబడును. అట్టి ప్రయాణములో ఇంజను మిస్సు కొట్టి, బండి కుదుపులిచ్చి, ఎత్తున లాగలేక నిలిచినచో, ఒకరు ప్లగ్గులు మార్చుమందురు, వేరొకరు పంపు మార్చుమందురు. రైతు సొమ్ము పోవుచుండును. దోషము మాత్రము నిలిచియే యుండును. కావున సామాను కొనుటకు ముందే దోష మెచ్చటనున్నదో నిర్ణయించు పద్ధతిని ఈ పాఠమున వివరించెదను.

మిస్సగుట యననేమి?

పెట్రోలు ఇంజనులో పిస్టను తొలుత క్రిందికి దిగి గాలిని, పెట్రోలును పీల్చును. పిమ్మట పైకి లేచి దానిని అదుమును. ప్లగ్గు వద్ద పుట్టిన నిప్పురవ్వచే అది మండి పిస్టనును క్రిందికి త్రోయును. కడపట కాలిన పొగ వెలుపలికి పోవును. ఈ నాలుగు పనులకు ఇంజను రెండు చుట్లు తిరుగును. అనగా నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క సిలిండరు సెకనుకు 25 మారులు మండవలెను. వానిలో కొన్ని మారులు మండకపోవుటయే మిస్సగుట. నాలుగు ఎడ్లు కట్టిన బండిలో ఒక ఎద్దు కాడి మోయక నడచినచో తక్కిన మూడింటిపై భారము పడి బండి ఎట్లు ఊగునో, ఇదియు నట్లే.

సిలిండరు మండుటకు మూడు కావలెను: తగిన పాళ్లలో గాలి, పెట్రోలు, తగినంత అదుముడు, సరియైన క్షణమున బలమైన నిప్పురవ్వ. గాలి బరువు పెట్రోలు బరువునకు సుమారు 14.7 రెట్లుండవలెను. ఈ మూడింటిలో ఏది లోపించెనో కనుగొనుటయే మన పని.

ఉపేక్షించరాదు

ముందుపలకలోని ఇంజను దీపము నిలుకడగా వెలిగినచో నెమ్మదిగా నడిపి త్వరలో చూపించుకొనవచ్చును. అది మిణుకుమిణుకు మనుచుండినచో బండిని ప్రక్కకు తీసి ఆపవలెను. మండని పెట్రోలు పొగగొట్టములోని క్యాటలిటిక్ కన్వర్టరును చేరి అచ్చట మండి, దానిని కాల్చివేయును. ప్లగ్గు ఖరీదుతో పోవు దోషము, ఆ భాగము చెడినచో ఎన్నో రెట్ల ఖర్చు తెచ్చును.

మొదటి మెట్టు: ఎప్పుడు మిస్సగుచున్నది?

ఇది తెలిసినచో సగము దోషము తెలిసినట్లే. నిలిచియున్నప్పుడు మాత్రమే ఊగి, వేగము హెచ్చింపగా సర్దుకొనినచో, కార్బ్యురేటరు లేక ఇన్‌టేకు గొట్టముల అతుకుల వద్ద దొంగగాలి చొరబడుచున్నదని అనుమానింపవలెను. బరువుతో ఎత్తెక్కునప్పుడు మిస్సగుచుండినచో ప్లగ్గు, కాయిలు, వైర్లు, పెట్రోలు పంపు, ఫిల్టరులను చూడవలెను. వాన కురిసిన దినముననో, బండి కడిగిన పిదపనో మిస్సైనచో తడి చేరిన కాయిలును, వైరును చూడవలెను. పలుదినములు కదలక నిలిచిన బండి బయలుదేరగనే మిస్సైనచో ట్యాంకులో నీరు చేరెనేమో చూడవలెను. 2025 నాటికి మన పెట్రోలులో ఇథనాలు పాలు 20 శాతమునకు చేరినది. ఇథనాలు నీటిని పీల్చుకొను గుణము గలది; నీరు మితిమీరినచో రెండును కలిసి పెట్రోలునుండి విడిపడి ట్యాంకు అడుగునకు దిగును.

రెండవ మెట్టు: ఏ సిలిండరు?

2020 ఏప్రిల్ నుండి వచ్చిన బి.ఎస్.-6 కార్లకు, చిన్న లారీలకు స్టీరింగు క్రింద స్కానరు తగిలించు సాకెట్టు కలదు. అందు పి0301 అని వచ్చినచో మొదటి సిలిండరు, పి0303 అని వచ్చినచో మూడవది మిస్సగుచున్నదని యర్థము. పి0300 అనునది ఏ ఒక్కదానికిని కట్టుబడక పలు సిలిండర్లలో మిస్సగుటను తెలుపును. అప్పుడు దొంగగాలి, పెట్రోలు పంపు మొదలగు అన్నిటికి ఉమ్మడియైన కారణములను వెదకవలెను. ఈ నంబరు మిస్సగు స్థలమును చెప్పునే గాని చెడిన వస్తువును చెప్పదని గుర్తుంచుకొనవలెను.

స్కానరు లేనిచోట, ఇంజెక్టర్లు గల బండిని న్యూట్రలులో నుంచి, చక్రములకు రాళ్లు పెట్టి, ఇంజనును నెమ్మదిగా ఆడించుచు ఒక్కొక్క ఇంజెక్టరు కనెక్టరును తీసి మరల తగిలింపవలెను. తీయగనే ఇంజను మరింత కుంటుపడినచో ఆ సిలిండరు మంచిది. తీసినను మార్పు లేనిచో అదియే దోషి. ఇంజను ఆడుచుండగా ప్లగ్గు వైరును చేతితో లాగరాదు. అందు ఇరువది వేల వోల్టులకు మించిన విద్యుత్తు ఉండవచ్చును.

మూడవ మెట్టు: కొనుట కాదు, తారుమారు చేయుట

మూడవ సిలిండరు దోషి యనుకొందము. ఇంజను ఆపి, చల్లారిన పిదప మూడవ కాయిలును రెండవదానికి, రెండవదానిని మూడవదానికి మార్చి బిగించి, పాత నంబరును చెరిపి నడిపి చూడవలెను. దోషము రెండవదానికి పోయినచో కాయిలే చెడినది. మూడవదానిలోనే నిలిచినచో ప్లగ్గులను, పిదప ఇంజెక్టర్లను అట్లే మార్చి చూడవలెను. ఒకమారు ఒక్క వస్తువునే మార్చవలెను. రెండు మార్చినచో ఫలము దేనిదో తెలియదు.

ప్లగ్గు తీసినప్పుడు దాని కొనను పరిశీలింపవలెను. లేత గోధుమవన్నె మంచిది. పొడి మసి పెట్రోలు హెచ్చుటను, నూనెతడి రింగుల లేక వాల్వు సీళ్ల అరుగుదలను, తెల్లబారి పొక్కిన కొన మితిమీరిన వేడిని తెలుపును.

అన్నియు మార్చినను దోషము కదలనిచో అదుముడును గేజీతో కొలువవలెను. ఒక సిలిండరు తక్కినవానికంటె మిక్కిలి తక్కువ చూపినచో అందు ఒక చెంచా ఇంజను నూనె పోసి మరల కొలువవలెను. అంకె పెరిగినచో రింగులు, పెరగనిచో వాల్వు లేక గ్యాస్కెట్టు చెడినదని యెంచవలెను.

ఒక అనుభవము

నేనెరిగిన ఒక రైతు బండి బరువుతో ఎత్తెక్కునప్పుడు మిస్సగుచుండెను. ప్లగ్గులు నాలుగును మార్చిరి, పంపును మార్చిరి, దోషము పోలేదు. మూడవనాడు టమాటా పాట దాటి చేరి, అడిగిన ధరకు పోయెను. పిదప పై క్రమమున చూడగా మూడవ సిలిండరని తేలినది. కాయిలు మార్చితిమి, ప్లగ్గు మార్చితిమి, ఇంజెక్టరు మార్చితిమి. దోషము మూడవదానిని విడువలేదు. అదుముడు సరిగానే యుండెను. కదలు వస్తువులన్నియు నిర్దోషులైనప్పుడు మిగిలినది కదలనిది, అనగా ఆ కాయిలునకు వచ్చు సన్నని వైరు. బండిని గడ్డివామి ప్రక్క నిలుపుటచే ఎలుక దాని పైతొడుగును కొరికెను. బరువు పడి ఇంజను ఒరిగినప్పుడెల్ల రాగితీగ ఇనుమును తాకుచుండెను. మూరెడు వైరుతో ఆ దోషము తీరినది. అనవసరముగా కొన్న పంపు ఖరీదు మాత్రము తిరిగి రాలేదు.

సభ్యులు బండిని గడ్డివామికి దూరముగా నిలుపుదురు గాక. ప్లగ్గులను, గాలి ఫిల్టరును బండి పుస్తకములో చెప్పిన గడువున మార్పింతురు గాక. పెట్రోలు భాగములు విప్పుచోట బీడీ, చుట్ట దరికి రానీయకుందురు గాక. మెకానిక్కు వద్దకు పోయినప్పుడు “ఏది మార్చవలెను?” అని కాక, “ఏ సిలిండరు, ఎట్లు తెలిసెను?” అని మొదట అడుగుదురు గాక.