పదిహేనేళ్ల తర్వాత తేలిన ఉప్మా ఫలితం

ప్రశ్న: మార్పును తెలుసుకోవడానికి ఒక్కసారి సర్వే చాలదా? ఏళ్ల తరబడి అదే మనుషుల వెంట తిరగడం దేనికి?

జవాబు: చాలదు. హైదరాబాద్ దగ్గరి 29 ఊళ్ల సంగతే చూడండి. 1987–90లో వాటిలో 15 ఊళ్ల గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న–సోయా పిండితో చేసిన ఉప్మా అందింది. మిగతా 14 ఊళ్లకు ఆ పథకం అప్పటికి రాలేదు. జాతీయ పోషకాహార సంస్థతో కలిసి పనిచేసిన పరిశోధకులు 2003–05లో ఆ పిల్లల్నే వెతికి కొలిచారు. ఉప్మా అందిన ఊళ్లవాళ్లు సగటున 1.4 సెంటీమీటర్లు ఎక్కువ పొడవున్నారు. రక్తనాళాల బిరుసూ తక్కువే!

వాతావరణ శాస్త్రానిదీ ఇదే దారి. హవాయిలోని మౌనా లోవా పర్వతంపై గాలిలో 1958లో పది లక్షల భాగాలకు 315గా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది.

చిక్కల్లా మనుషులతోనే. పెళ్లయి వెళ్లినవాళ్లు, వలస పోయినవాళ్లు మళ్లీ దొరకరు. ఎవరు దొరకలేదో కూడా పరిశోధకులు చెప్పితీరాలి.