మేడమీది వెలుగు – గోడలోపలి లెక్క

మా ఇంటి మేడపై మూడు కిలోవాట్ల సౌరఫలకములు అమర్చి ఏడాది దాటినది. 2024 ఫిబ్రవరిలో ఆరంభమైన పి.ఎం. సూర్యఘర్ పథకము ఈ పరిమాణమునకు 78,000 రూపాయల రాయితీని నిర్ణయించినది. మన ప్రాంతపు ఎండకు కిలోవాటు ఒక్కింటికి దినమునకు సుమారు 4 యూనిట్లు వచ్చును. 12 రావలసినచోట 7 మాత్రమే వచ్చినచో దుమ్మో, చెట్టునీడయో, తీగెలోపమో ఉన్నదని గ్రహింపవచ్చును. కావున లెక్క చూచుకొనుట అవసరమే. అయితే ఆ లెక్కను మనతోపాటు మరెవరు చూచుచున్నారు?

ఇన్వర్టరుకు తగిలించిన చిన్న పరికరము వై-ఫై ద్వారా తయారీదారుల సర్వరుకు అంకెలను పంపును. అక్కడినుండి అవి మన ఫోనుకు చేరును. గోడకు ఇవతలనున్న యంత్రపు కబురు దూరదేశము తిరిగి మనకు అందుట విచిత్రమే! మా ఇంట పరికరమును బిగించిన పనివాడు ఖాతాను తన ఫోనులోనే తెరచి, పాస్‌వర్డు మార్చకయే వెళ్ళినాడు. నెలల తరబడి మేమును గమనింపలేదు. వాడకమును కొలుచు మీటరు కూడ దానికి జోడింపబడియున్నది. రంజాన్ మాసపు గ్రాఫును చూచినపుడు మాకు కనువిప్పు కలిగినది. సహరీ వేళకు గీత లేచినది. పండుగకు మేము ఊరు వెళ్ళిన మూడు దినములు నేలనంటి పడియున్నది. ఇంట ఎవరును లేరని ఆ గీతయే చాటుచున్నది.

చూచుట ఒకటి, నడుపుట మరొకటి. కారు చార్జరు యాప్‌లో ఈ రెండధికారములును కలిసియుండును. ఇంటి చార్జరు 7 కిలోవాట్ల వరకు లాగగలదు. అట్టివి వేలకొలది ఒక్కమారు మొదలైనచో గ్రిడ్డునకే కుదుపు. అందుచేతనే బ్రిటన్ 2021 నాటి నిబంధనలలో చార్జర్లు పది నిమిషముల వరకు అటునిటుగా ఆలస్యముగా మొదలగునట్లు ఏర్పరచి, అన్నింటికిని ఒకే పాస్‌వర్డు ఉండుటను నిషేధించినది.

మేము ఖాతాను మా పేరునకు మార్చుకొంటిమి. పనివానికి చూచు అనుమతి మాత్రమే మిగిల్చితిమి. ఈ పరికరములకు వేరొక వై-ఫై పేరును కేటాయించితిమి. పని అరగంటయైనను పట్టలేదు.

మరియొక మాట. కరెంటు పోయినపుడు, లైన్‌మెన్ రక్షణకై, సామాన్య ఇన్వర్టరు తనంతట ఆగును. ఫోనులో సున్నా కనిపించును. కాని పగటివేళ ఫలకముల తీగెలలో వందల వోల్టుల ఏకముఖ విద్యుత్తు నిలిచియే యుండును. దానివలన పుట్టిన నిప్పురవ్వ సులభముగా ఆరదు. ఆ సున్నాను నమ్మి తీగెలను తాకరాదు.