నాలుగు తలుపుల హాలు

చిరంజీవి బిడ్డకు,

నువ్వు పంపిన కొలతలు, ఫోటోలు అందాయి. ఇంటీరియర్ కోర్సులో చేరిన కొత్తలోనే మీ ఇంటి హాలు సర్దే పని నీ చేతికి రావడం మంచిదే. ఇది తేలిక హాలు కాదు. పొడవు 22 అడుగులు, వెడల్పు 10. తూర్పున వీధి తలుపు, దాని పక్కనే కిటికీ. ఉత్తరం గోడకు రెండు పడకగదుల తలుపులు, పడమటి చివర వంటింటి తలుపు. నైరుతి మూలలో మెట్లు మూడడుగులు తినేశాయి. దక్షిణం గోడ అవతల పక్కిల్లు, కాబట్టి అటు కిటికీకి వీల్లేదు. సన్నటి ప్లాటులో హద్దు నుంచి హద్దుదాకా కట్టుకున్న ఇళ్లన్నిటిలో ఉన్న తిప్పలే ఇవి. మన మెదక్‌లో ఇలాంటి హాళ్లలో నేను చేసిన సామాను చాలానే ఉంది.

ఇప్పుడు మీ హాలులో సామానంతా గోడలకు ఆనించి ఉంది. మధ్యలో ఖాళీ ఎక్కువ కనబడాలని అందరూ చేసే పనే ఇది. దాంతో హాలు రైలు పెట్టెలా తయారవుతుంది. ఈ గోడ దగ్గర కూర్చున్నవాళ్లు ఆ చివరనున్న వాళ్లతో మాట్లాడాలంటే గొంతు పెంచాలి. లేదంటే అందరూ టీవీ వైపు తిరిగి కూర్చుంటారు. నువ్వు సోఫా ఏ రంగుది కొనాలని అడిగావు. అది ఆఖర్న తేల్చే సంగతి. మొదట తేలాల్సింది, ఇంట్లోవాళ్లు ఎటు నడుస్తారు, ఎవరు ఎవరి ముఖం చూస్తూ కూర్చుంటారు అన్నది.

నడక సంగతి ముందు చూద్దాం. వీధి తలుపు, రెండు పడకగదులు, వంటిల్లు అన్నీ ఉత్తరం గోడ వెంటే ఉన్నాయి. అందుకని ఆ గోడ పొడవునా మూడడుగుల బాట వదిలెయ్. నీళ్ల బిందె పట్టుకున్న మనిషి ఒరుసుకోకుండా పోవాలంటే అంత కావాలి. ఆ బాటలో షోకేసు, చెప్పుల స్టాండు, పూలకుండీ ఏదీ పెట్టొద్దు. ఈశాన్యంలో బరువు వద్దని మీ అమ్మ అంటుందని రాశావు. ఆ మూల బాటలోకే వచ్చింది కాబట్టి ఎలాగూ ఖాళీగానే ఉంటుంది, అమ్మ మాట కూడా దక్కుతుంది. బాట పోగా నీకు మిగిలింది ఏడడుగుల వెడల్పు, మెట్ల గోడదాకా 19 అడుగుల పొడవు. ఇకనుంచి నీ హాలు అంతేననుకో.

ఆ 19 అడుగులనూ ఒకే గదిగా చూడకు. కిటికీ దగ్గర వచ్చినవాళ్లతో మాట్లాడే చోటు, లోపల ఇంట్లోవాళ్లు కూర్చునే చోటు, ఇలా రెండుగా చెయ్. విదేశీ పత్రికల్లో ఇలాంటి చోట సోఫాను అడ్డంగా వేసి దాని వీపుతోనే గదిని విడగొడతారు. మన ఇంట్లో అది పనికిరాదు. గడప దాటిన చుట్టానికి మొదట సోఫా వీపు కనబడితే మర్యాదగా ఉండదు. అందుకే అక్కడ దివాన్ వెయ్యమంటాను. అది మన పాత ఇళ్లలోని తఖ్తులాంటిదే, దానికి ముందూ వెనకా లేదు. ఒకరు ఇటు తిరిగి చుట్టాలతో మాట్లాడొచ్చు, ఇంకొకరు అటు తిరిగి టీవీ చూడొచ్చు, మధ్యాహ్నం తాత నడుము వాల్చొచ్చు. ఆరడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు చాలు. ఎత్తు 16 అంగుళాలు మించనివ్వకు. తక్కువ ఎత్తు ఉంటే కిటికీ వెలుతురు దాని మీదుగా లోపలికి పోతుంది.

సోఫాను దక్షిణం గోడకు ఆనించి కిటికీ దగ్గర మొదలుపెట్టు. మూడు సీట్లది ఆరున్నర అడుగులు ఉంటుంది. అది అయిపోయిన చోట దివాన్ అడ్డంగా వస్తుంది. రెండూ కలిసి మూల తిరుగుతాయి. ఆ మూలే ఈ హాలుకు ప్రాణం. రాబర్ట్ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950లలో కెనడాలోని సస్కాచెవాన్‌లో ఒక ఆసుపత్రి వృద్ధుల వార్డును గమనించాడు. కుర్చీలన్నీ గోడల వెంట వరుసగా ఉన్నాయి, పెద్దవాళ్లు పక్కపక్కనే కూర్చుని కూడా మాట్లాడుకోవడం లేదు. కుర్చీలను బల్లల చుట్టూ వేయించాక మాటలు పెరిగాయి. బల్ల దగ్గర మూలకు అటూ ఇటూ కూర్చున్నవాళ్లు, ఎదురెదురుగానో పక్కపక్కనో కూర్చున్నవాళ్లకంటే ఎక్కువ మాట్లాడుకుంటారని కూడా ఆయన గమనించాడు. మూలకు కూర్చుంటే ముఖం చూడొచ్చు, చూపు తిప్పుకోవాలంటే తిప్పుకోవచ్చు. మన అరుగుల మీద పెద్దలు కూర్చునేదీ అలాగే. టీపాయిని సోఫాకు 16, 18 అంగుళాల దూరంలో పెట్టు, చెయ్యి చాస్తే చాయ్ కప్పు అందాలి.

టీవీ మెట్ల గోడకు పోతుంది. దివాన్ నుంచి అక్కడికి వచ్చే దూరం మీ 43 అంగుళాల టీవీకి సరిపోతుంది. తెర నడిమి భాగం నేల నుంచి మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటే మెడ నొప్పి రాదు. పొద్దున కిటికీ వెలుగు తెర మీద మెరుస్తుంది. ఆ కాసేపు పరదా వేసుకోవాలి, తప్పదు.

ఇక వెలుతురు. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే సామానుకు పెట్టే శ్రద్ధలో సగం కూడా మనవాళ్లు దీనికి పెట్టరు.

ముందు ఎండ లెక్క చూసుకో. మన ఊరు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. జూన్‌లో సూర్యుడు తూర్పుకు పాతిక డిగ్రీల దాకా ఉత్తరాన పొడుస్తాడు, డిసెంబరులో అంతే దక్షిణాన. అంటే ఎండాకాలం పొద్దున మీ కిటికీలోంచి వచ్చే ఎండ ఏటవాలుగా దక్షిణం గోడ మీద, సరిగ్గా సోఫా మీద పడుతుంది. చలికాలంలో బాట వైపు పోతుంది. లోపల ఎంత మందం పరదా వేసినా అద్దం దాటిన వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసినట్టు. కిటికీకి బయట వెదురు చిక్ కట్టించు, వేసవిలో దించి, చలికాలంలో ఎత్తెయ్.

ఒక పొద్దున మన మెదక్ చర్చికి పోయి గంటసేపు కూర్చో. చార్లెస్ వాకర్ పోస్నెట్ 1914లో మొదలుపెట్టించగా 1924 డిసెంబరు 25న ప్రారంభమైన ఆ కట్టడంలో అందరూ 175 అడుగుల గోపురాన్ని చూస్తారు. నువ్వు రంగుటద్దాల కిటికీలు చూడు. బయట వెలుగున్నప్పుడే లోపలున్నవాళ్లకు ఆ రంగులు. చీకటి పడ్డాక లోపల ఎన్ని దీపాలు పెట్టినా ఆ అద్దం నల్లగానే ఉంటుంది. మీ ఇంటి పల్చటి పరదాకూ ఇదే సూత్రం. పగలు బయటివాళ్లకు లోపల కనబడదు, రాత్రి లైటు వేయగానే వీధిలో పోయేవాళ్లకు ఇల్లంతా కనబడుతుంది. అందుకే రెండు వరసల పరదాలు కావాలి, పగటికి పల్చనిది, రాత్రికి మందమైనది.

రాత్రి ఇప్పుడు మీ ఇంట్లో నడిమధ్య ఒక్క ట్యూబ్‌లైటు వెలుగుతోంది. దాని కింద కూర్చున్నవాళ్ల కళ్ల కింద నీడలు పడతాయి, గోడలు మసకగా ఉంటాయి, మెట్ల దగ్గర చీకటి. కంటికి గది వెలుతురుగా అనిపించాలంటే గోడలు వెలగాలి, నేల కాదు. 220 చదరపు అడుగుల హాలుకు 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఐదారు సరిపోతాయి. ఒక్కోటి దాదాపు 900 ల్యూమెన్లు ఇస్తుంది. ఆరూ కలిపి 54 వాట్లు, మనం ఒకప్పుడు వాడిన 60 వాట్ల బల్బు ఒక్కదానికంటే తక్కువ. కానీ ఆరింటినీ ఒక్క స్విచ్చుకు కలపొద్దు. సోఫా వెనక గోడకు రెండు, టీవీ గోడ పక్కకు ఒకటి, మెట్లకు ఒకటి, బాటకు ఒకటి, నానమ్మ కుర్చీ దగ్గర ఒకటి. ఎప్పుడు ఏది కావాలో అదే వెలగాలి.

రంగు కూడా చూసి కొను. డబ్బా మీద 6500 కె అని ఉంటే అది తెల్లటి నీలి వెలుగు, 3000 కె అయితే పాత బల్బు పసుపు. కూర్చునే చోట 3000 పెట్టు, వంటింటి వైపు 4000 ఉన్నా ఫరవాలేదు. ఒకే చోట రెండు రంగులు కలపొద్దు. సీఆర్ఐ అంకె 90 ఉన్నవి దొరికితే గోడ దీపాలకు అవే తీసుకో, రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి. మీ అమ్మ దగ్గర సిద్దిపేట గొల్లభామ చీర ఉంది కదా. 2016 దాకా సిద్దిపేట మన జిల్లాలోనిదే. నెత్తిన కుండ పెట్టుకున్న ఆ గొల్లభామ బొమ్మలున్న అంచును చట్రం కట్టించి దక్షిణం గోడకు పెట్టి, పైనుంచి ఒక దీపం వెయ్. కిటికీ లేని గోడకు చూపు నిలిచే చోటు దొరుకుతుంది.

నానమ్మ సంగతి మర్చిపోకు. అరవై దాటిన కంటికి, ఇరవై ఏళ్ల కంటికి కావాల్సిన దానికి దాదాపు మూడింతల వెలుతురు కావాలి. ఆమె కుర్చీకి ఎడమ భుజం వెనక దీపం పెట్టు, బల్బు ఆమె కంటికి నేరుగా కనబడకుండా షేడు ఉండాలి. కుర్చీకి చేతులుండాలి, సీటు 18 అంగుళాల ఎత్తు ఉండాలి, లేచేటప్పుడు ఊతం దొరుకుతుంది. స్విచ్చు కూర్చున్నచోటే అందాలి.

ఇంకో మాట. ఫ్యాను రెక్కల పైన ఏ లైటూ పెట్టనివ్వకు. రెక్క తిరిగినప్పుడల్లా గోడలన్నీ మినుకుమినుకుమంటాయి, పదినిమిషాల్లో తల నొస్తుంది. ఫాల్స్ సీలింగ్ చేసేవాళ్లు ఇది పట్టించుకోరు. అసలు పది అడుగుల వెడల్పు హాలుకు ఫాల్స్ సీలింగ్ అక్కర్లేదు, ఆ డబ్బుతో వైరింగు మంచిగా చేయించు. గోడ మీద ముదురు రంగు హైలైట్ కూడా వద్దు. తెల్ల గోడ తన మీద పడ్డ వెలుగులో ఎనభై శాతం తిరిగి ఇస్తుంది, ముదురు ఎరుపు చాలామటుకు మింగేస్తుంది.

ఇవన్నీ నేను రాశానని చేసెయ్యొద్దు. పాత పేపర్లు అతికించి సోఫా సైజుది ఒకటి, దివాన్ సైజుది ఒకటి నేల మీద పరచు. ప్రతి తలుపు తెరిచి, అది తిరిగే గీత సుద్దతో గియ్. రెండు రోజులు ఇంట్లోవాళ్లందరినీ అలాగే తిరగనివ్వు. ఎవరు ఎక్కడ పేపరు తొక్కారో రాసుకుని నాకు పంపు. అప్పటిదాకా ఏ షాపులోనూ అడ్వాన్సు కట్టొద్దు.

ఉంటాను.

మీ పెద్దనాయన
మెదక్