పాఠము: బలమైన గుఱ్ఱమునకు తగిన కళ్లెము



రూపనగుడి వైపు మనము కళ్లెము అందుము, పొరుగు కన్నడిగులు కడివాణ అందురు. పగ్గములు గుంజుకొనిపోవు గుఱ్ఱమునకు ఎట్టి కళ్లెము తగును?

1. కడ్డీ ఎక్కడ ఆనును? ముందు పళ్లకును దవడ పళ్లకును నడుమ, పళ్లు లేని చోట. అక్కడ ఎముకపై పలుచని చిగురు మాత్రమే ఉండును.

2. గుఱ్ఱము ఎందుకు గుంజుచున్నది? మొదట పళ్లు, నోటి పుండ్లు, జీను ఒరిపిడి చూడవలెను. నొప్పితో పరుగెత్తుదానికి కఠినమైన కళ్లెము వేసినచో నొప్పియు పరుగును హెచ్చును.

3. ఏది ఎన్నుకొనవలెను? సన్నని కడ్డీ కోయును. నునుపైన, కొంచెము లావైన కడ్డీ ఒత్తిడిని పంచును. మరీ లావైనది చిన్న నోటిలో పట్టదు. పెదవులకు ఇరువైపుల సుమారు 5 మిల్లీమీటర్ల ఎడముండవలెను. క్రిందికి పొడవైన చువ్వలున్న కళ్లెము చేతి బలమును అనేక రెట్లు చేయును గనుక అది నేర్పరికే తగును.

4. ముళ్ల కళ్లెము వద్దు. బండి పశువులను గూర్చిన 1965 నాటి కేంద్ర నియమములు దానిని నిషేధించినవి.

నిలుచుట గుఱ్ఱము శిక్షణవలన నేర్చుకొనును. కళ్లెము ఆ మాటను నోటికి చేర్చును.

ఆలోచించుడి: మీ గుఱ్ఱము నోరు తెరచి చూచి ఎన్నాళ్లయినది?