మెదడులో ప్లాస్టికు రేణువులు

మనుష్యుని మెదడులో ప్లాస్టికు చేరుచున్నదట, దానివలన ముసలితనమున డిమెన్షియా అను మతిభ్రంశ వ్యాధి వచ్చునట, నిజమేనా అని కొందరు తలిదండ్రులు తమిళ పత్రికలలో చదివి మమ్ము అడుగుచున్నారు. ఇందు రెండు ప్రశ్నలు కలవు. మొదటిదానికి జవాబు చాలవరకు అవుననియే. రెండవది ఇంకను తేలలేదు.

అయిదు మిల్లీమీటర్లకంటె చిన్నవైన ప్లాస్టికు తునుకలను మైక్రోప్లాస్టికులందురు. ఎండకు పెళుసెక్కిన బిందె, అరిగిన మోటారు టైరు, ఉతికిన నైలాను చీర, అన్నియు వీనిని రాల్చుచునే యుండును. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయమువారు ప్లాస్టికు సీసాలలో అమ్ము నీటిని పరీక్షించి, లీటరుకు సగటున సుమారు 2,40,000 రేణువులను లెక్కించిరి.

2025లో అమెరికాలోని న్యూ మెక్సికో విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు మృతుల అవయవములను పరీక్షింపగా, కాలేయము, మూత్రపిండములకంటె మెదడులోనే ప్లాస్టికు హెచ్చుగా కనబడెను. 2016లో మరణించినవారికంటె 2024లో మరణించినవారిలో ఇంచుమించు నూటికి 50 వంతులు అధికము. డిమెన్షియా గలిగిన 12 మంది మెదళ్లలో మరింత హెచ్చు.

ఇచ్చట నిలిచి ఆలోచింపవలెను. ప్లాస్టికువలన వ్యాధి వచ్చెనా, వ్యాధివలన ప్లాస్టికు చేరెనా? రక్తములోని అక్కరలేని పదార్థములను మెదడులోనికి పోనీయక అడ్డు పొర ఒకటి కలదు. డిమెన్షియాలో ఆ పొర సడలును. మలినములను వెడలించు శక్తియు తగ్గును. ఆ పరిశోధకులే ఈ మాట చెప్పిరి. పైగా మెదడులో కొవ్వు మెండు. పరీక్షలో దానిని కాల్చినపుడు పుట్టు ఆవిరులు పాలిథీను ఆవిరులను పోలియుండుటచే కొలత హెచ్చుగా వచ్చియుండవచ్చునని ఇతరులు ఆక్షేపించిరి. పై తరగతులవారికి తర్కము నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠము మాకు దొరకదు!

అట్లని నిశ్చింతగా నుండుడనుట కాదు. వేడి తగిలినచో ప్లాస్టికు మరింత రాలును. హోటలునుండి కాగు సాంబారును ప్లాస్టికు కవరులో కట్టించి తెచ్చుట, పిల్లలకు వేడి అన్నము ప్లాస్టికు డబ్బాలో పంపుట నేడే మానదగినవి. స్టీలు క్యారియరు ప్రతి ఇంటను అటకపై నున్నదే గదా.

ఇక డిమెన్షియా మాట. మనము మార్చుకొనదగిన కారణములు 14 అనియు, వానిని తొలగించినచో సుమారు నూటికి 45 కేసులు తప్పుటకో ఆలస్యమగుటకో వీలున్నదనియు 2024లో లాన్సెట్ సంఘము ప్రకటించెను. రక్తపోటు, మధుమేహము, పొగత్రాగుడు, వినికిడి లోపము, గాలి కాలుష్యము అందున్నవి. ప్లాస్టికు ఆ పట్టికలో లేదు. బాల్యమున చదువు కొరవడుట ఉన్నది. ఎనిమిదవ తరగతితో ఆడపిల్లను మానిపింపదలచిన తలిదండ్రులు, ఆ పని చేయుటకు ముందు మమ్ము ఒకసారి కలిసికొనవలెనని కోరుచున్నాము.